బటన్ నొక్కని నిపుణుడు

మా తోడల్లుడి పరుపుల కొట్లో, గల్లాపెట్టె వెనక గోడకి ఒక యోగ్యతాపత్రం వేలాడుతూ ఉంటుంది. బంగారు రంగు అంచు, కింద వంకర సంతకం, నడిమధ్య ఆయన పేరు, దాని కింద "గృహ ధ్వనిముద్రణలో నిపుణుడు" అని లావుపాటి అక్షరాలు. పరుపు కొనడానికి వచ్చినవాళ్ళు అది చూసి, పరుపుకీ ధ్వనికీ ఏమిటి సంబంధమో అంతుపట్టక, కిర్రుమనని పరుపులు చేస్తాడు కాబోలు అని సరిపెట్టుకుంటారు. ఆ పత్రం వచ్చిన రోజు నాటికి ఆయన తన జన్మలో ఒక్క పాట కూడా రికార్డు చెయ్యలేదు. ఎగతాళికి అంటున్న మాట కాదు, ఉన్నమాటే.

నేను కారు నడపడం నేర్పి బతికేవాణ్ణి. డబ్బు పుచ్చుకునే నేర్పుతాను. కాబట్టి డబ్బుకి విద్య చెప్పడం తప్పని నేననను. కానీ నా దగ్గరికొచ్చినవాణ్ణి మొదటి రోజే స్టీరింగ్ ముందు కూర్చోబెడతాను. వాడు వణుకుతాడు, బండి గంతులేస్తుంది, వెనకవాడు హారన్ మోగిస్తాడు, నా కాలు నా వైపు బ్రేకు మీద సిద్ధంగా ఉంటుంది. అలా కాకుండా ఇంజను పుట్టుపూర్వోత్తరాలు చెబుతూ కూర్చున్నాననుకోండి, నా ఫీజు నాకు వస్తుంది, వాడి బండి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అలా చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. మా తోడల్లుడు సరిగ్గా అలాంటివాడి చేతిలోనే పడ్డాడు.

బజారులో ఆయన్ని అందరూ "పద్ధతి" అంటారు. "దేనికైనా ఒక పద్ధతుంటుందండీ" అనేది ఆయన ఊతపదం. పరుపు ఎండలో ఏ పక్కన వెయ్యాలో, ఎన్నాళ్ళకోసారి తిరగెయ్యాలో కొన్నవాడికి నిలబెట్టి చెబుతాడు. వాడు పరుపు బండికెక్కించుకుని కదిలాక కూడా పక్కన నాలుగడుగులు నడుస్తూ చెబుతాడు. ఆ ఉత్సాహం చూసి, ఈయన పరుపు అమ్మాడా, ఆడపిల్లని అత్తారింటికి పంపుతున్నాడా అనిపిస్తుంది.

ఈ పిచ్చికి మూలం ఉంది. అది చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆయన తండ్రి అదే కొట్లో పరుపులు కుట్టేవాడు. కొడుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు గాని నోరు విప్పి ఒక్క ముక్క చెప్పిన పాపాన పోలేదు. "చూసి నేర్చుకో" అనేవాడట, అంతే. తప్పు కుడితే వీపు మీద ఒకటి పడేది. సరిగ్గా కుడితే ఏమీ పడేది కాదు, అదే మెప్పు. అలా వీపుతో పని నేర్చుకున్నవాడికి, ఎవడైనా ఎదురుగా కూర్చుని, ముందు ఇది చెయ్యండి, తరవాత ఇది చెయ్యండి అని నిదానంగా చెబితే ప్రాణం లేచొస్తుంది. అలా చెప్పినందుకు వాడు డబ్బు కూడా అడిగితే ఇక తిరుగులేని నమ్మకం. ఇది కనిపెట్టడానికి గొప్ప తెలివేం అక్కర్లేదు. కనిపెట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు.

ఒకసారి రంగు చేపల పెంపకం మీద ఒక మార్గదర్శి కొన్నాడు. అందులో నీటి అధ్యాయం బాగా పెద్దది. దాన్ని వల్లె వేసి, నీళ్ళు పరీక్షించే చుక్కల మందు తెప్పించి, గాజు తొట్టి నింపి, పారబోసి, మళ్ళీ నింపి, చేపల అధ్యాయం దాకా రాకుండానే విసిగిపోయాడు. ఆ తొట్టిలో ఇప్పుడు కత్తెరలు, కొలతల టేపులు పెట్టుకుంటున్నాడు. అప్పుడు మేమందరం నవ్వుకున్నాం. చేప ఒక్కటీ చావలేదు కదా అని వదిన కూడా నవ్వింది.

వదిన అంటే ఆయన భార్య, మా ఆవిడకి అక్క. కొట్టు వెనక గదిలో కుట్టుమిషను ముందు కూర్చుని పరుపుల గలేబులు కుడుతుంది. కుడుతూ పాడేది. సంగీతం నేర్చుకోలేదు, ఎక్కడా విన్న పాటలు కావవి. సొంతంగా కట్టుకున్నవి. "ఎవరు రాశారు వదినా" అంటే "రాసేదేముంది, నోటికొచ్చింది" అనేది. కూతురు చంటిపిల్లగా ఉన్నప్పుడు ఒళ్ళో వేసుకుని మిషను తొక్కుతూ పాడిన పాటలు. మిషను చప్పుడు కిందే గొంతు మొదలయ్యేది, అసలు పాడుతోందా లేదా అన్నట్టు. మూడో వరసకి వచ్చేసరికి ఒక్కసారి పైకి లేచేది. ఎంత తేలిగ్గా లేచేదంటే, ముందు గదిలో బేరమాడుతున్నవాడు చెప్పబోయిన ధర మింగేసి లోపలికి చూసేవాడు. ఆ చోటు కోసం నేను కావాలని టీ ఆలస్యంగా తాగుతూ కూర్చునేవాణ్ణి. పాటల గురించి నాకేం తెలియదు గాని, ఆ చోట నాకు బాగుండేది.

అలాంటి వదినకి గొంతులో గడ్డ లేచింది. కోసి తీసెయ్యాలన్నారు. డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. "ప్రాణభయం లేదమ్మా. మాటకీ ఢోకా లేదు. పాట సంగతి మాత్రం నేను మాటివ్వలేను. నరం పక్కనే ఉంది. పై స్థాయి అందకపోవచ్చు." ముందు మందులతో ఒంటిని దారికి తెచ్చి, ఆ తరవాతే ఆపరేషన్ అన్నాడు. అంటే కొంత వ్యవధి ఉంది. చెయ్యదలుచుకుంటే ఏదైనా చెయ్యడానికి సరిపడా వ్యవధి.

ఆ సాయంత్రం కూతురు ఫోన్ చేసింది. పెళ్ళై వేరే ఊళ్ళో ఉంటోంది, కడుపుతో ఉంది. "నాన్నా, నాకు గొంతు లేదు. నేను పాడితే నా బిడ్డ నిద్రపోవడం కాదు, లేచి ఏడుస్తుంది. ఆపరేషన్ లోగా అమ్మ పాటలన్నీ తీసి నాకు పంపు. ఒక్కటీ వదలొద్దు."

పద్ధతి కళ్ళు తుడుచుకుని, "తీస్తానమ్మా. కానీ పద్ధతిగా తీస్తాను" అన్నాడు. పక్కనే ఉన్న నాకు చేపల తొట్టి గుర్తొచ్చింది.

ఇంట్లోనే పాటలు రికార్డు చెయ్యడం నేర్పుతానని ఇంటర్నెట్‌లో ఒకడు దుకాణం తెరిచి ఉన్నాడు. పేరెందుకు గాని, నేను వాడికి చెవుల గురువు అని పేరు పెట్టాను. ఎప్పుడు చూసినా చెవులకి ఆ పెద్ద హెడ్‌ఫోన్ డిప్పలు తగిలించుకునే కనపడతాడు. వెనక అలమరలో నీలం దీపాలు. మాట మెత్తగా, నిదానంగా ఉంటుంది. "కంగారు పడకండి, మెట్టు మెట్టుగా వెళ్దాం" అంటాడు. మా తోడల్లుడు నలభై ఏళ్ళుగా తండ్రి నోట వినాలనుకున్న మాట అది. విన్నాడు, పడిపోయాడు. మొదటి మెట్టు, రెండో మెట్టు, మూడో మెట్టు, అన్నిటికీ కలిపి ఒకేసారి కట్టేశాడు.

ఆ కోర్సు తెరిచిన ఉదయం నేను కొట్లోనే ఉన్నాను. జాబితాలో అన్నిటికన్నా పైన ఒక పాఠం ఉంది, దాని పక్కన "ఉచితం" అని ఆకుపచ్చ ముద్ర. పద్ధతి దాన్ని వేలితో పక్కకి తోసేసి కింద పాఠం తెరిచాడు.

"అదేంటన్నయ్యా, మొదటిది చూడవా?" అన్నాను.

"ఊరికే ఇచ్చేదాంట్లో సరుకేముంటుంది తమ్ముడూ. అది ఎరలే."

"చూస్తే పోయేదేముంది?"

ఆయన మూల పోగేసి ఉన్న దిండ్లకేసి గడ్డం ఊపాడు. పెద్ద పరుపు కొన్నవాడికి ఉచితంగా ఇచ్చే దిండ్లవి. "వాటిలో ఏముందో నీకు తెలుసుగా" అన్నాడు. తెలుసు. సాయంత్రం గది ఊడ్చినప్పుడు వచ్చిన ఫోమ్ నురుగు తుక్కు, దారం ముక్కలు, చెదిరిన దూది. పైన మాత్రం శుభ్రమైన గలేబు. ఊరికే ఇచ్చేదాంట్లో ఏం కూరతారో ఆయనకి తెలిసినంత బాగా ఆ బజారులో ఎవరికీ తెలియదు. లోకమంతా తనలాగే వ్యాపారం చేస్తుందని ఆయన నమ్మకం.

ఇక చదువు మొదలైంది. పొద్దున్నే కొట్టు తెరవకముందు ఒక పాఠం, మధ్యాహ్నం బేరాలు పల్చబడ్డాక ఒక పాఠం. మొదటి మెట్టంతా గది గురించే. గోడకి కొట్టుకున్న ధ్వని తిరిగొచ్చి అసలు ధ్వనిని పాడుచేస్తుందట. నిజమే, కాదనను. గురువు చెప్పినదాంట్లో నాకు ఎక్కడా అబద్ధం కనపడలేదు. అదే వాడి గొప్పతనం. గోడలకి ధ్వనిని పీల్చే నురుగు పలకలు అతికించాలన్నాడు, అవి ఎక్కడ దొరుకుతాయో కూడా వాడే చెప్పాడు. పద్ధతి తెప్పించాడు.

పెట్టె వచ్చిన రోజు విప్పుతుంటే నేనూ చూశాను. నల్లటి నురుగు ముక్కలు, ముందు వైపు ఎగుడుదిగుడుగా కోసినవి. పద్ధతి ఒక పలక తీసి అలవాటు కొద్దీ బొటనవేలితో నొక్కి చూశాడు. వాసన చూశాడు. ఆయన మొహం కొంచెం మారింది.

"అన్నయ్యా," అన్నాను, "ఇది నువ్వు చవకరకం పరుపులో వేసే నురుగు కాదూ?"

"రంగు వేరు" అన్నాడు.

చుట్టూ నడుమెత్తు పరుపులు, నెత్తి దాకా నురుగు దిమ్మలు, గట్టిగా అరిచినా గుమ్మం దాటని గదిలో నిలబడి, పరుపులమ్ముకునే మనిషి, పోస్టులో నురుగు తెప్పించుకున్నాడు. దానికి జిగురు రాసి మేడ మీద గదిలో గోడలకి అతికించాడు. కింద కొట్టు వెనక గదిలో, ఆ నురుగు దిమ్మల మధ్య, వదిన పాడుతూనే ఉంది. "అక్కడే తియ్యొచ్చుగా" అని నేనంటే, "పాఠంలో గది అన్నాడు, గోదాము అనలేదు" అన్నాడు.

రెండో మెట్టు మైకుల గురించి. మైకులెన్ని రకాలో, ఏ రకం ఎలా పుట్టిందో, ఏది ఏ వైపు నుంచి వింటుందో. ఆయన మైకు తెప్పించాడు, దానికో స్టాండు, స్టాండుకో గొడుగులాంటిది, మైకుకీ ఫోన్‌కీ మధ్యలో పెట్టడానికో డబ్బా. వచ్చినవన్నీ మేడ మీద గదిలో గుడ్డ కప్పుకుని కూర్చున్నాయి. "ఇంకా నేర్చుకోకుండా ముట్టుకుంటే అలవాట్లు చెడిపోతాయట" అన్నాడు. నా దగ్గర కారు నేర్చుకునేవాడు ఆ మాటంటే నేను వాణ్ణి దింపేసి వెళ్ళిపోయేవాణ్ణి.

వదిన మందులు వేసుకుంటోంది, గలేబులు కుడుతోంది. అప్పుడప్పుడు, "ఏమండీ, ఇవాళ పాడమంటారా?" అని అడిగేది. "ఇవాళ కాదోయ్, ఇంకా సిద్ధం కాలేదు" అనేవాడు. ఆవిడ సరేనని మిషను తొక్కుకునేది.

మా ఆవిడకి ఓపిక తక్కువ. ఆ ఒక్క విషయంలో మా ఇద్దరికీ జాతకాలు బాగా కలిశాయి. ఒక మధ్యాహ్నం అక్క దగ్గరికెళ్ళి, పక్కనే కూర్చుని, తన ఫోన్ మిషను బల్ల మీద పెట్టి పాడించుకుంది. వదిన మొదట సిగ్గుపడి, తరవాత మరిచిపోయి, నాలుగు పాటలు పాడేసింది. సూదీ దారం పాట కూడా. అది కూతురికి ప్రాణం. మా ఆవిడ ఇంటికొచ్చి నాకు వినిపించింది. మిషను చప్పుడుంది, రోడ్డు మీద ఎవడో పాత సామాన్లవాడి కేక ఉంది, మధ్యలో వదిన ముక్కు చీదుకోవడం కూడా ఉంది. మూడో వరసలో గొంతు పైకి లేచింది. ఎప్పట్లాగే లేచింది. నేను కుర్చీలోంచి కదల్లేదు.

అక్కడితో ఆ పని అయిపోవలసింది. కానీ మా ఆవిడ మంచితనం కొద్దీ, బావగారు సంతోషిస్తాడని, మర్నాడు కొట్టుకెళ్ళి ఆయనకి వినిపించింది. వదిన కూడా అక్కడే ఉంది. నన్ను కూడా రమ్మంటే వెళ్ళాను.

పద్ధతి ఫోన్‌కి కొత్త డిప్పలు తగిలించి, చెవులకి పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. వింటూ మొహం చిట్లించాడు. పాట మధ్యలోనే తీసేశాడు.

"రేకు డబ్బాలో పాడినట్టుంది" అన్నాడు. "గొంతు పలచబడిపోయింది. గది మోత. మిషను మోత. పైకెళ్ళిన చోట చూడు, గొంతు పగిలినట్టు చిరచిరమంటోంది. అమ్మాయి దీన్ని జన్మంతా వినాలా? అమ్మమ్మ గొంతు ఇదేనని పుట్టబోయే పిల్లాడో పిల్లో అనుకోవాలా?"

"బావా, చక్కగా వినపడుతోంది" అంది మా ఆవిడ.

"నీ చెవికి తెలీదమ్మా. తప్పు నీది కాదు. నాకూ నేర్చుకోకముందు తెలిసేది కాదు."

అదీ ఆ విద్య చేసిన మేలు. కూతురు పుట్టిన నాటి నుంచి ఆ పాటలు విని పొంగిపోయిన మనిషికి, అవి వింటే ఇప్పుడు తప్పులు వినపడుతున్నాయి. నాకు మాట నోటి దాకా వచ్చింది గాని, అంతలో వదిన మొహం చూశాను. చెవుల దాకా ఎర్రబడింది. తన గొంతు పగిలిందని ఆయన అన్నట్టు విన్నదావిడ. ఫోన్ గురించి అన్నాడని ఎవరు చెబుతారు.

"తీసెయ్యవే" అంది చెల్లెలితో. "బాగాలేనప్పుడు ఎందుకు. ఆయన మంచిగా తీస్తారుగా."

"అక్కా, ఉండనీ."

"తీసెయ్యమంటున్నానా. నలుగురూ విని నవ్వుకోవడానికా?"

మా ఆవిడ నాకేసి చూసింది, బావగారికేసి చూసింది. బావగారు పెద్దరికంగా తలూపాడు. అక్క మాట కాదనలేక నాలుగు పాటలూ అక్కడే, వాళ్ళ ముందే తుడిచేసింది. ఇంటికొస్తూ దారిపొడుగునా నాకు రెండడుగులు ముందే నడిచింది, నేనేదో చేసినట్టు.

మూడో మెట్టు అయిపోయింది. ఇంట్లోనే కూర్చుని రాసే పరీక్ష ఒకటుంది, అది రాశాడు. అన్నిటికీ సరైన జవాబులే పెట్టాడు. యోగ్యతాపత్రం వచ్చింది. పటం కట్టించాడు. బడి మధ్యలో మానేసిన మనిషికి, తన పేరు మీద అచ్చయిన మొదటి పత్రం అది. మేకు కొట్టి తగిలించాక, వంకర లేకపోయినా ఆయన దాన్ని రెండుసార్లు సరిచెయ్యడం చూశాను. ఆ ఒక్క నిమిషం నాకు జాలేసింది. ఒక్క నిమిషమే.

ఆపరేషన్‌కి ముందురోజు మధ్యాహ్నం ముహూర్తం కుదిరింది. నేనూ మా ఆవిడా కూడా వెళ్ళాం. మేడ మీద గదిలో నల్ల పలకలు, దళసరి దుప్పట్లు, కిటికీకి పరుపు ఆనించి ఉంది. మధ్యలో స్టాండు, గొడుగు, మైకు. వదిన తల దువ్వుకుని మంచి చీర కట్టుకుని వచ్చి స్టూలు మీద కూర్చుంది, ఫొటో తీయించుకోబోతున్నట్టు. గాలాడక చెమటలు పోస్తున్నాయి. ఫ్యాను వెయ్యకూడదు, మోత.

"ఒకటి, రెండు, మూడు అను" అన్నాడు పద్ధతి.

వదిన అంది. మైకు కొంచెం జరిపాడు. మళ్ళీ అనమన్నాడు. మళ్ళీ అంది. అలా ఒకటి రెండు మూడు అంటూ, మైకు జరుపుతూ, తలుపు మూస్తూ, తీస్తూ చాలాసేపు గడిచింది. ఆవిడ గొంతు అప్పటికే అలిసిపోయింది, మధ్యమధ్య నీళ్ళు తాగుతోంది. చివరికి ఆయన డిప్పలు చెవులకి నొక్కిపట్టుకుని, "ఉండండి" అన్నాడు. ఏదో సన్నటి రొద వస్తోందట. ఫ్రిజ్ ఆపించాడు. రొద పోలేదు. పక్కింటి మోటారేమోనని వెళ్ళి చూసొచ్చాడు, కాదు. తీగలు మార్చాడు. రొద అలాగే ఉంది.

"అన్నయ్యా, ఉండనీ రొద. నొక్కు" అన్నాను.

"నీకు తెలీదు తమ్ముడూ. ఈ రొదతో తీస్తే జన్మంతా ఆ రొదే వినాలి."

"నొక్కుతావా, నన్ను నొక్కమంటావా?"

"దీనికో పద్ధతుంది" అని, ఫోన్ తీసి వెతికాడు. రొద తియ్యడం నాలుగో మెట్టులో ఉందట. నాలుగో మెట్టు అప్పటికి ఆయన కొనలేదు. అక్కడికక్కడే కొని, మెట్ల మీద కూర్చుని పాఠం చూడ్డం మొదలెట్టాడు. లోపల మంచి చీర కట్టుకున్న మనిషి చెమటలు కక్కుతూ స్టూలు మీద కూర్చుని ఉంది.

నేను లోపలికెళ్ళి మా ఆవిడ ఫోన్ అందుకున్నాను. "వదినా, ఆయన సంగతి వదిలెయ్. ఒక్కటి పాడు, నేను తీస్తాను."

వదిన తల అడ్డంగా ఊపింది. "వద్దు మరిదీ. గొంతు నొప్పెడుతోంది. ఇప్పుడు పాడితే నిజంగానే పగులుతుంది. ఆయన అన్నట్టే అవుతుంది" అంది. లేచి వెళ్ళి చీర మార్చుకుంది. నాలుగో మెట్టు పాఠం పూర్తయ్యేసరికి ఆవిడ నిద్రపోయింది. తెల్లారి ఆసుపత్రి.

గడ్డ తీశారు. మనిషి క్షేమం. డాక్టరు ముందే చెప్పినట్టు మాట నిలిచింది, కొంచెం బొంగురుగా. పాట పోయింది. గొంతుకి కసరత్తులు చెప్పారు, శ్రద్ధగానే చేసింది. కింది వరసలు కాస్త పలుకుతాయి. పైకి వెళ్ళబోతే గాలి తప్ప ఏమీ రాదు. రెండుమూడుసార్లు ప్రయత్నించి మానేసింది. ఇప్పుడు వెనక గదిలో మిషను చప్పుడొక్కటే.

కొన్నాళ్ళకి, మా కారు సీటులో నురుగు చచ్చిపోతే మార్పించుకోవడానికి కొట్టుకెళ్ళాను. పద్ధతి గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఫోన్‌కేసి చూస్తున్నాడు. ఆ కోర్సు వాళ్ళు ఒక సందేశం పంపారు. మీరు ఒక్క పాఠం తప్ప అన్నీ పూర్తి చేశారు, అది కూడా చూసెయ్యండి అని. ఏదైనా అసంపూర్తిగా ఉంటే ఆయనకి నిద్రపట్టదు. ఆకుపచ్చ ముద్ర మీద వేలితో నొక్కాడు.

చెవుల గురువే. కానీ చెవులకి డిప్పల్లేవు, వెనక నీలం దీపాల్లేవు. ఏదో వంటగదిలో, అంట్లు కనపడుతూ, స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడో పాతరోజుల్లో, వ్యాపారం పెరగకముందు తీసుకున్నట్టుంది.

"మీరు ఇవాళ ఒకే పని చెయ్యండి" అంటున్నాడు. "ఈ పాఠం ఆపేసి, మీ చేతిలో ఉన్న ఫోన్‌తోనే, ఇప్పుడున్న గదిలోనే ఒక పాట తియ్యండి. చప్పుళ్ళుంటాయి, ఉండనివ్వండి. అది బాగోకపోయినా తుడిచెయ్యొద్దు. ముందు పాట చేతికి రావాలి. బాగుచేసుకోవడం తరవాత. ఆ తరవాత మీకు ఇంకేమైనా కావాలనిపిస్తేనే నా దగ్గరికి రండి. అనిపించకపోతే రానక్కర్లేదు."

పాఠం అక్కడితో అయిపోయింది. చాలా చిన్నది. సీటు నురుగు నొక్కి చూసేపాటి సమయం కూడా పట్టలేదు.

ఆ చెవుల గురువు ఎదురుగా ఉంటే గొంతు పట్టుకునేవాణ్ణి. తెలిసిన నిజాన్ని ఊరికే ఇచ్చి, దాన్ని మరిపించడానికి మెట్టు మెట్టుకీ డబ్బు పుచ్చుకున్నాడు. అది నిజమని వాడికి తెలుసు, అదే నాకు ఎక్కువ మండింది. మా తోడల్లుడి కోసం ఎన్నాళ్ళుగానో దాచుకున్న మాటలున్నాయి నా దగ్గర, మంచి పదునైనవి. ఆయన మొహం చూశాక ఒక్కటీ బయటికి రాలేదు.

వదిన ఎప్పుడొచ్చిందో, వెనక గది గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నట్టే ఉంది.

"ఇది కూడా కొన్నదేనా అండీ?" అని అడిగింది బొంగురు గొంతుతో.

"కాదు" అన్నాడు. "ఊరికే ఇచ్చింది."

వదిన వెళ్ళి మిషను ముందు కూర్చుంది. కాసేపటికి పద్ధతి లేచి లోపలికెళ్ళాడు. నేనూ గుమ్మం దాకా వెళ్ళాను. ఆయన తన ఫోన్ బల్ల మీద పెట్టి బటన్ నొక్కాడు. చెవులకి ఏమీ పెట్టుకోలేదు, ఒకటి రెండు మూడు అనమనలేదు. కింద నేల మీద కూర్చున్నాడు.

"నాకిప్పుడు రాదుగా" అంది వదిన.

"మాటలే చెప్పు."

వదిన గుడ్డ మడత సరిచేసుకుంది. తరవాత చెప్పింది. పాడలేదు, చెప్పింది.

"సూదమ్మ నడిచింది చీకట్లో. దారమ్మ వెంటొచ్చె తోడుగా. ఇక్కడిదాకా కిందే ఉంటుంది, మెల్లిగా. తరవాత, ఏడున్నదో తెల్లారే ఊరు. ఇక్కడ 'తెల్లారే' దగ్గర పైకెళ్ళాలి. ఒక్కసారే వెళ్ళాలి, పాక్కుంటూ కాదు. వెళ్ళాక అక్కడే కాసేపు ఉండాలి. తొందరపడి దిగకూడదు."

"ఎంత పైకి?" అన్నాడు పద్ధతి.

వదిన నోరు తెరిచింది. గాలే వచ్చింది. నోరు మూసుకుని, కుడిచెయ్యి పైకెత్తి చూపించింది. తల దాటించి, మిషను దీపం దాటించి, భుజం లాగేదాకా ఎత్తి, అక్కడే ఉంచింది.

ఆ రికార్డు ఆరోజే కూతురికి పంపాడు. మర్నాడు ఆ పిల్ల నాన్నకి కాకుండా నాకు ఫోన్ చేసింది.

"బాబాయ్, ఎంత పైకి అని నాన్న అడిగాడు కదా, అమ్మ ఏం చెప్పలేదేంటి? అక్కడ ఏమీ వినపడట్లేదు."

"చెప్పిందమ్మా" అన్నాను. "చెయ్యెత్తి చూపించింది."

"ఎంత ఎత్తింది?"

నేను ఫోన్ పట్టుకుని నిలబడే, రెండో చెయ్యి పైకెత్తాను. మా ఆవిడ వంటింట్లోంచి చూసి, ఏమైందని అడిగింది. "చాలా పైకమ్మా" అన్నాను ఫోన్లో. చెయ్యి మాత్రం దింపలేదు.